హికరీ కొలతలతో టేకు విల్లు ఎందుకు విరుగుతోంది?

క్లుప్తంగా: పలక నుంచి విల్లు చెక్కే వీడియోల్లో చెప్పే కొలతలు హికరీ అనే ఉత్తర అమెరికా చెక్కవి. విరగకుండా ఓర్చుకోవడంలో హికరీ టేకు కంటే దాదాపు రెండింతలు గట్టిది. అందుకే అవే కొలతలతో ఇక్కడి టేకు, వేప పలకలను చెక్కితే విరుగుతున్నాయి. చెక్క మారితే మందం తగ్గాలి, వెడల్పు పెరగాలి, లాగుడు బరువు (విల్లును పూర్తిగా లాగడానికి పట్టే బలం) మీద ఆశ కొంత తగ్గించుకోవాలి. అన్నిటికంటే ముందు చూడాల్సింది పలకలో నార, అంటే చెక్కలోని పోగులు, ఎటు పోతోందన్నది. నల్లమలలో వెదురుతో విల్లు చేసుకునే పద్ధతిలో ఈ నార సమస్యే ఉండదు.

ఆరడుగుల హికరీ పలక, ఒక రందా, ఒక ఆకురాయి, రెండు మూడు రోజుల పని. ఇంటర్నెట్‌లో విల్లు తయారీ వీడియోలు చాలావరకు ఇంతే చెబుతాయి. వాటిని చూసి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో సా మిల్లుకు వెళ్లి హికరీ కావాలని అడిగితే ఆ పేరే చాలామందికి తెలియదు. ఆ చెట్టు ఇక్కడిది కాదు మరి. దాంతో దొరికిన టేకు పలకనో, పాత తలుపు చెక్కనో తీసుకొని అవే కొలతలకు చెక్కుతున్నారు. నారి ఎక్కించి సగం లాగేసరికి ఫట్‌మని విరుగుతోంది.

విరిగాక వినిపించే మాటలు రెండు. మన చెక్కలు విల్లుకు పనికిరావన్నది ఒకటి. చేయి తిరిగిన వడ్రంగి అయితే తప్ప కుదరదన్నది రెండోది. రెండూ సరికావు. వేరే చెక్క కోసం లెక్కగట్టిన కొలతలను ఈ చెక్క మీద రుద్దడమే అసలు తప్పు. అది ఎందుకు తప్పో తెలియాలంటే వంగినప్పుడు చెక్క లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

వంగిన చెక్క లోపల

పచ్చి వేపపుల్లను రెండు చేతులతో పట్టుకొని మెల్లగా వంచితే రెండు విషయాలు కనిపిస్తాయి. వంపు బయటి వైపు తోలు బిగుసుకొని, సాగి, చివరికి చిట్లుతుంది. లోపలి వైపు తోలు ముడతలు పడుతుంది. విల్లులోనూ జరిగేది ఇదే. గురి వైపు ఉండే ముఖాన్ని విల్లు వీపు అని, విలుకాడి వైపు ఉండే ముఖాన్ని పొట్ట అని పిలిస్తే, లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. మధ్యలో ఉన్న పొర సాగదు, నలగదు.

ఎంత సాగుతుందన్నది రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి రెక్క (పిడికి అటూ ఇటూ వంగే భాగం) మందం, రెండోది వంపు ఎంత గుండ్రంగా ఉందన్నది. 15 మిల్లీమీటర్ల మందం ఉన్న రెక్క 75 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులోకి వస్తే వీపు 1 శాతం సాగుతుంది. వినడానికి ఒక్క శాతమే అయినా, మంచి చెక్కలు కూడా దాదాపు ఈ ఒక్క శాతం దగ్గరే తమ హద్దుకు చేరతాయి. కుర్చీ కాలు గానీ ఇంటి దూలం గానీ తన సత్తువలో కొద్ది భాగమే వాడుకుంటూ ఏళ్ల తరబడి నిలబడుతుంది. విల్లుకు ఆ వెసులుబాటు లేదు. లాగిన ప్రతిసారీ అది హద్దు దాకా వెళ్లి రావాల్సిందే. వడ్రంగి పనిలో పట్టించుకోని చిన్న లోపం విల్లులో ప్రాణం తీసేది ఇందుకే.

ఇంకో సంగతి కూడా ఉంది. నార వెంబడి చూస్తే చెక్క సాగుడును తట్టుకునే శక్తి, నలుగుడును తట్టుకునే శక్తికి దాదాపు రెట్టింపు ఉంటుంది. కాబట్టి నార తెగకుండా ఉన్న పలకలో ముందు ఓడిపోయేది పొట్ట. అక్కడి నార సన్నగా నలిగి, నారి విప్పాక కూడా విల్లు తిన్నగా నిలబడదు, కొంచెం వంగే ఉంటుంది. అలాంటి విల్లు విరగకపోవచ్చు గానీ చురుకు పోతుంది. వీపు ముందు పోయిందంటే మాత్రం చాలాసార్లు అక్కడ నార తెగి ఉన్నట్టే.

విరిగిన విల్లును పారేసే ముందు ఆ ముక్కను ఒకసారి పరిశీలించడం మంచిది. వీపు మీద పొడవాటి పేడు లేచి, ఏటవాలుగా చీలి ఉంటే పలక ఎంపికలో తప్పు జరిగింది. పొట్ట మీద అడ్డంగా వెంట్రుకంత ముడతలు కనిపిస్తే రెక్క మరీ మందంగానో ఇరుకుగానో ఉంది, లేదా చెక్కలో తేమ ఎక్కువగా ఉంది. ముక్క అడ్డంగా, బిస్కెట్ విరిగినట్టు పొట్టిగా తెగిపోతే ఆ చెక్క పెళుసుది, లేదా మరీ ఎండిపోయింది.

హికరీకి ఎందుకంత పేరు

హికరీ అంటే కార్యా జాతి చెట్లు. మార్కెట్లో దొరికే పీకాన్ గింజల చెట్టు కూడా ఈ కుటుంబంలోదే. ఉత్తర అమెరికాలో గొడ్డలి, సుత్తి పిడులకు, పాతకాలపు బండి చక్రాల ఆకులకు, డ్రమ్ములు వాయించే పుల్లలకు దీన్నే వాడారు. దెబ్బ పడినా విరగకుండా ఊగి నిలబడటం దీని గుణం. చెరోకీ లాంటి అక్కడి ఆదివాసులు విల్లులకూ వాడారు.

అంకెల్లో చూస్తే తేడా తెలుస్తుంది. ఆరిన హికరీని వంచి విరచడానికి కావాల్సిన ఒత్తిడి సుమారు 140 మెగాపాస్కల్స్. టేకుకు అది 100 దగ్గర. ఇది పెద్ద తేడాలా అనిపించకపోవచ్చు. అసలు తేడా ఇంకోచోట ఉంది. గరిష్ఠ బరువుకు చేరేలోపు ఘనపు మీటరు హికరీ సుమారు 178 కిలోజౌళ్ల శక్తిని మింగుతుంది, టేకు 83 కిలోజౌళ్ల దగ్గరే ఆగిపోతుంది. విల్లు అంటేనే శక్తిని దాచుకొని ఒక్కసారిగా వదిలే పనిముట్టు కాబట్టి ఈ రెండో లెక్కే ఇక్కడ ముఖ్యం. టేకు గొప్ప చెక్కే. చెద పట్టదు, వంకర పోదు, వానకు ఉబ్బి తలుపు ఇరుక్కుపోదు. ఆ మంచి గుణాలేవీ విల్లు విరగకుండా ఆపలేవు.

హికరీ వీపు సాగుడుకు ఎంత గట్టిగా నిలుస్తుందంటే, నార కాస్త పక్కకు పోయినా, పని కాస్త మొరటుగా ఉన్నా విల్లు బతుకుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు దాన్నే సిఫారసు చేసేది ఇందుకే. చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. హికరీ క్షమించిన తప్పులను వీడియో చేసినవాళ్లు తప్పులుగా గమనించరు, చూసేవాళ్లకు చెప్పరు. అదే పని టేకు మీద చేస్తే మొదటి తప్పుకే శిక్ష పడుతుంది.

పలకలో చదవాల్సింది నార

పలక ముఖం మీద పొడవునా కనిపించే గీతలే నార పోయే దారి. ఆ గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పలక అంచుకు సమాంతరంగా పోవాలి. మధ్యలో అంచు దాటి బయటికి పోతున్నాయంటే అక్కడ నార తెగిందన్నమాట. ముఖం మీద తిన్నగా ఉంటే చాలదు, పక్క అంచు మీద కూడా తిన్నగా ఉండాలి. చాలామంది ముఖం చూసి తెచ్చుకుంటారు. విల్లు మాత్రం పక్క నుంచి విరుగుతుంది.

ఇది ఎంత తేడా చేస్తుందో కలప పరీక్షల్లో తేలింది. 20 అంగుళాల పొడవులో నార ఒక అంగుళం పక్కకు పోతే వంపు బలం 93 శాతం మిగులుతుంది. 10 అంగుళాలకు ఒక అంగుళం పోతే 81 శాతానికి, 5 అంగుళాలకు ఒక అంగుళం పోతే 55 శాతానికి పడిపోతుంది. హఠాత్తుగా పడే దెబ్బను ఓర్చుకునే శక్తి ఇంకా వేగంగా తగ్గుతుంది. 10కి ఒకటి దగ్గరే అది 62 శాతం. తలుపు చట్రానికి 10కి ఒకటి వాలు ఉన్న పలకను ఏ వడ్రంగీ కాదనడు. విల్లుకు మాత్రం దాన్ని పక్కన పెట్టాల్సిందే.

చివరి కోత ముఖం మీద చెట్టు ఏటా ఒకటి చొప్పున పెంచుకునే వలయాలు కనిపిస్తాయి. అవి ముఖానికి అడ్డంగా ఉన్నా, నిలువుగా ఉన్నా, ఏటవాలుగా ఉన్నా విల్లు వస్తుంది. వలయాల తీరు గురించి వాదనలు చాలా ఉన్నాయి గానీ, పొడవునా నార తిన్నగా ఉందా లేదా అన్నదాని ముందు అది చిన్న విషయం. ముడి ఉన్న పలక వద్దు. చిన్న ముడి అయినా నార దాని చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి ఆ చోట రెండు పక్కలా వాలు వచ్చేసినట్టే.

సా మిల్లులో రంపం దుంగను తిన్నగా కోస్తుంది, చెట్టు మాత్రం తిన్నగా పెరగదు. నార తెగడానికి మూలం ఇదే. దుంగను రంపంతో కాకుండా గొడ్డలితో, కొయ్య చీలలతో నిలువునా చీల్చితే చీలిక నార వెంబడే పోతుంది, ఒక్క పోగు తెగదు. పాతకాలంలో విల్లు చేసినవాళ్లలో చాలామంది చీల్చిన చెక్కనే వాడటానికి కారణం ఇది. పలక విల్లు అంటే రంపం చేసిన నష్టాన్ని ఏరివేతతో పూడ్చుకోవడం. పది పలకలు తిరగేస్తే ఒకటి దొరుకుతుంది. డిపోలో అంత ఓపికగా తిరగేయనిస్తారా అన్నది వేరే ప్రశ్న. ముందే మాట్లాడుకొని వెళ్లడం మంచిది.

దక్షిణ తెలంగాణలో దొరికే చెక్కలు

అందరికీ ముందు గుర్తొచ్చేది టేకు. నార సాధారణంగా తిన్నగానే ఉంటుంది, పని తేలిక. పైన చెప్పినట్టు ఓర్పు తక్కువ. వెడల్పాటి, తక్కువ బరువు విల్లుకు, అదీ వీపుకు గుడ్డ అంటించి వాడితే సరిపోతుంది.

వేపలో నార ఒక పొర ఇటు, ఇంకో పొర అటు అల్లుకొని పెరుగుతుంది. రందా పట్టినప్పుడు ఒకచోట నున్నగా, పక్కనే పేళ్లు లేచి గరుకుగా వచ్చేది అందుకే. అలాంటి చెక్కలో తెగని నార దొరకడం కష్టం. నీలగిరి, అంటే జామాయిల్‌లో నార మెలి తిరిగి ఉంటుంది. పైకి నిటారుగా కనిపించే వాసం కూడా చీల్చి చూస్తే మెలికే.

నల్లతుమ్మ బరువైనది, గట్టిది. నాగళ్లకు, బండి చక్రాలకు తరతరాలుగా వాడిన చెక్క ఇది. తిన్నటి ముక్క దొరికితే ప్రయత్నించదగ్గదే. అయితే ఆరేటప్పుడు పగుళ్లు తీస్తుంది, ఆరడుగుల పొడవునా ముడి లేని తుమ్మ చాలా అరుదు. చిరుమాను కూడా బండి ఇరుసులకు, గొడ్డలి కామలకు పేరున్నదే.

హికరీకి దగ్గరి బంధువులా పనిచేసే చెక్క ఒకటి మన ఆకురాల్చే అడవుల్లోనే ఉంది. హిందీలో ధామన్ అంటారు, తెలుగులో తడ అనీ చరచి అనీ పేర్లున్నాయి. జాన పండ్లు కాసే చెట్ల కుటుంబమే. భారతీయ కలపల్లో పనిముట్ల పిడులకు, బండి కాడులకు, సాగి తిరిగి నిలబడాల్సిన ప్రతి పనికీ దీనికి మంచి పేరుంది. విదేశీ హికరీ బదులు వాడదగ్గ చెక్కల్లో దీని పేరు తప్పకుండా వస్తుంది. కాకపోతే టేకులాగా పలకలుగా డిపోల్లో వరుసగా పేర్చి ఉండదు. గొడ్డలి కామలు అమ్మే వడ్రంగుల దగ్గర అడిగితే చెక్క సంగతి తెలిసే అవకాశం ఎక్కువ.

ప్లైవుడ్‌తో మాత్రం విల్లు రాదు. దాంట్లో సగం పొరల నార అడ్డంగా ఉంటుంది, వంపులో ఆ సగం ఏ సాయమూ చేయదు.

నల్లమల పద్ధతి: రంపం లేని విల్లు

పలకలో నార వెతకడం అవసరమే లేని వస్తువు ఒకటి అచ్చంపేట దాటి మన్ననూరు ఘాట్ ఎక్కగానే రోడ్డు పక్కన కనిపిస్తుంది. అది వెదురు. అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచుల విల్లు వెదురుదే. 1940లో వాళ్ల మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ రాసిన దాంట్లో చెంచు ఇంటి కొద్దిపాటి సామానులో విల్లంబులు, గొడ్డలి, గడ్డలు తవ్వే కర్ర ముఖ్యమైనవి.

వెదురులో గట్టి నారంతా బయటి పెచ్చు దగ్గరే దట్టంగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. ఆ బయటి పెచ్చును వీపు వైపు ఉంచితే సాగుడును ఓర్చుకోవాల్సిన చోటే అత్యంత గట్టి నార వచ్చి కూర్చుంటుంది. కణుపు దగ్గర తప్ప నార తిన్నగా పోతుంది, నిలువునా చీల్చితే తెగదు. అందుకే వెదురు విల్లు చేసేటప్పుడు తీసేదంతా పొట్ట వైపు నుంచే. వీపు మీది నిగనిగలాడే పెచ్చును గీకితే విల్లు బలాన్ని గీకి పారేసినట్టే.

నల్లమలలో ఎక్కువగా పెరిగేది సాధన వెదురు. రాతి నేలలో, తక్కువ వానలో పెరిగిన గడలు దాదాపు గట్టిగా, లోపల బోలు లేకుండా ఉంటాయి. నీరు పుష్కలంగా ఉన్నచోట పెరిగిన లావాటి వెదురులో గోడ పలచన. విల్లుకు మందం కావాలి కాబట్టి ఎండ కొండల వెదురే మేలు. దక్షిణ తెలంగాణ నేల పేదరికం ఇక్కడ వరంగా మారింది.

వెదురుతో విల్లు చేసే పద్ధతులు మిగతా ఆసియాలో చాలా ఉన్నాయి. భూటాన్‌లో విలువిద్య జాతీయ క్రీడ. అక్కడి సంప్రదాయ విల్లును రెండు వెదురు బద్దలను పిడి దగ్గర కలిపి కడతారు. జపాన్ వాళ్ల పొడవాటి విల్లులో వీపుకూ పొట్టకూ వెదురు పొరలు వేసి మధ్యలో చెక్క పెడతారు. అమెరికాలోని పలక విల్లు తయారీదారులు కూడా హికరీ దొరక్కపోతే వేరే చెక్క పొట్టగా పెట్టి, వీపుకు పలచని వెదురు బద్ద అంటిస్తారు. ఇక్కడివాళ్లకు అనువైన దారి ఇదే. నార బాగున్న టేకు పలక పొట్టగా, వెదురు బద్ద వీపుగా. వీపు సాగుడు బాధ్యత అంతా వెదురు మోస్తుంది. అయితే వెదురు మరీ మందంగా ఉంటే దాని బలానికి టేకు పొట్ట నలిగిపోతుంది. బద్ద అంచుల దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకుండా పలచగా ఉండాలి.

వెదురుకు ఒక బలహీనత ఉంది. లోపలి పిండి పదార్థం కోసం పురుగు పడుతుంది. విల్లు కింద సన్నటి పసుపు పొడి రాలుతుంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

మందం తగ్గితే ఎంత బలం పోతుంది

కొలతల దగ్గర తప్పు జరిగేది ఒక లెక్క తెలియక. రెక్క వెడల్పు రెండింతలైతే బిగువు రెండింతలవుతుంది. మందం రెండింతలైతే బిగువు ఎనిమిదింతలవుతుంది. మందం లెక్క మూడో ఘాతంలో నడుస్తుంది.

దీన్ని టేకుకు పెట్టి చూద్దాం. హికరీ ఓర్చుకునే సాగుడులో టేకు 80 శాతమే ఓర్చుకుంటుందని అనుకుంటే, అదే పొడవు, అదే వంపుకు మందం కూడా 80 శాతానికి తగ్గించాలి. అప్పుడు బిగువు 0.8ను మూడుసార్లు గుణించినంత, అంటే సగానికి పడుతుంది. 40 పౌన్ల విల్లు 20 పౌన్లకు వచ్చేసింది. తిరిగి 40 కావాలంటే వెడల్పు దాదాపు రెండింతలు చేయాలి. అంతదాకా పోకుండా, హికరీకి పావు తక్కువ రెండు అంగుళాలు సరిపోయే చోట టేకుకు రెండున్నర దాకా పోవాలి, విల్లు పొడవు ఇంకో నాలుగైదు అంగుళాలు పెంచాలి, లాగుడు బరువు 30 పౌన్ల దగ్గర ఆపుకోవాలి. మూడింటినీ కొంచెం కొంచెం సర్దుకోవడమే తెలివైన పని. చెక్క బలహీనంగా ఉందని మందం పెంచడం అందరికీ తోచే ఉపాయం. అదే విల్లును విరిచేది. మందమైన రెక్క వీపు ఇంకా ఎక్కువ సాగాలి మరి.

చదునైన, వెడల్పాటి రెక్కలు కొత్త ఆలోచనేమీ కాదు. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురద నేలలో దొరికిన సుమారు 9000 ఏళ్ల నాటి, ఎల్మ్ అనే చెట్టు చెక్కతో చేసిన విల్లులకు వెడల్పాటి చదునైన రెక్కలే ఉన్నాయి. ఇంగ్లండ్ వాళ్లు యూ అనే చెట్టు చెక్కతో చేసిన విల్లు దీనికి భిన్నంగా ఇరుకుగా, లావుగా ఉంటుంది. 1545లో మునిగి, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో అలాంటివి వందకు పైగా దొరికాయి. యూ పొట్ట నలుగుడును అసాధారణంగా ఓర్చుకుంటుంది కాబట్టి వాళ్లకు ఆ ఆకారం కుదిరింది. 1930లలో అమెరికా భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ లెక్కలు కట్టి, దీర్ఘచతురస్రపు అడ్డకోత ఉన్న చదునైన రెక్కలే మామూలు చెక్కలకు మేలని చూపించాడు. ఇవాళ్టి పలక విల్లుల ఆకారం అక్కడి నుంచి వచ్చిందే.

హికరీకి వాడే మామూలు కొలతలు ఇవి: పొడవు 72 అంగుళాలు, పిడి 4 అంగుళాలు, పిడి నుంచి రెక్కలోకి వాలు రెండు పక్కలా 2 అంగుళాల చొప్పున. వెడల్పు సగం రెక్క దాకా ఒకేలా ఉండి, కొప్పు (నారి తగిలించే కొస) దగ్గర అర అంగుళానికి సన్నబడుతుంది. 28 అంగుళాల దాకా లాగే వయోజనుడికి ఇవి. పొట్టి విల్లు ముద్దుగా కనిపిస్తుంది గానీ పొడవు తగ్గిన ప్రతి అంగుళం వంపును గుండ్రం చేసి చెక్క మీద భారం పెంచుతుంది.

వంపు కుదర్చడం

ఆకారం కోసుకోవడం ఒక పూట పని. ఆ తర్వాత రెండు రెక్కలూ ఒకేలా, పొడవునా సమంగా వంగేలా పొట్ట వైపు నుంచి కొద్దికొద్దిగా తీస్తూ పోవాలి. ఇంగ్లిషులో టిల్లరింగ్ అనే ఈ పనికి మన మాటల్లో వంపు కుదర్చడం అనొచ్చు. విల్లు విల్లుగా మారేది ఇక్కడే.

15 మిల్లీమీటర్ల మందమున్న రెక్క మీద ఒకచోట ఒక్క మిల్లీమీటరు ఎక్కువ తీస్తే ఆ చోట బిగువు దాదాపు ఐదో వంతు పోతుంది. లాగినప్పుడు మిగతా రెక్క కన్నా అక్కడ ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వంగినచోట ఎక్కువ నలుగుతుంది, నలిగినకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. కీలులా మడత పడుతున్న ఆ చోటును అలాగే లాగుతూ పోతే విల్లు అక్కడే పోతుంది. తీసిన చెక్కను తిరిగి అంటించలేరు. చేయగలిగింది ఒకటే, ఆ చోటును ముట్టుకోకుండా మిగతా రెక్కనంతా దానితో సమానం అయ్యేదాకా పలచన చేయడం. విల్లు బరువు తగ్గుతుంది, ప్రాణం నిలుస్తుంది.

పని సాగే తీరు ఇలా ఉంటుంది. మొదట విల్లు కొసను నేలకు ఆనించి పిడిని చేత్తో నొక్కి, రెక్క కాస్త కదులుతోందా అని చూస్తారు. కదలిక వచ్చాక విల్లు కన్నా పొడవైన వదులు తాడు కట్టి, గోడకు బిగించిన కొయ్య మీద పిడిని ఆనించి, తాడును కప్పీ మీదుగా కిందికి లాగుతూ నాలుగడుగుల దూరం నుంచి చూస్తారు. గోడ మీద సున్నంతో అడ్డగీతలు గీసుకుంటే ఏ రెక్క వెనకబడిందో కళ్లకు కడుతుంది. రెండు అంగుళాలు లాగి చూడటం, బిగుసుకున్న చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టడం, అక్కడ ఆకురాయితో పది గీతలు తీయడం, మళ్లీ లాగడం. ప్రతిసారి గీకాక పాతిక ముప్పైసార్లు మెల్లగా లాగి వదలాలి. అప్పుడే చెక్క మార్పును చూపిస్తుంది. గీకిన వెంటనే కనిపించేది అబద్ధం. చివరి దశలో ఆకురాయి కూడా ఎక్కువే, గాజు పెంకుతో గీకితే దుమ్ములాంటి పొర వస్తుంది, అదే సరైన వేగం.

ఒక నియమం మాత్రం తప్పకూడదు. అనుకున్న బరువు 30 పౌన్లయితే, విల్లు ఇంకా మొరటుగా ఉన్న దశలో కూడా 30 పౌన్లకు మించి ఎప్పుడూ లాగకూడదు. స్ప్రింగ్ కాటాను తాడుకు తగిలిస్తే బరువు తెలుస్తుంది. ఒక్కసారి మించి లాగితే పొట్ట నలిగి పోతుంది, ఆ నలుగుడు మళ్లీ తిరిగి రాదు.

ఒకవేళ వీపు మీద నార కొంచెం అనుమానంగా ఉంటే గుడ్డ అంటించడం ఉంది. పలచని పట్టు గుడ్డ అయినా, అవిసె నార గుడ్డ అయినా సాగుడు బలానికి పెద్దగా తోడ్పడదు. పేడు లేవబోయే చోట దాన్ని అదిమి పడుతుంది, అంతే దాని పని. అమెరికాలో పాత సిల్క్ టైలు ఇందుకు వాడతారు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట పట్టు నేసే ఈ నేల మీద చిరిగిన పట్టుచీర ముక్కకు కొదవ ఉండదు. జరీ లేని చోటు కత్తిరించుకోవాలి. మామూలు తెల్ల జిగురు వేడికి మెత్తబడే రకం. గుడ్డకు అది సరిపోతుంది గానీ వెదురు బద్ద అంటించడానికి రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు మేలు.

మేలో పెళుసు, ఆగస్టులో మెత్తన

చెక్క గాలిలోని తేమను బట్టి తన తేమను మార్చుకుంటూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట చాలాకాలం ఉంచితే చెక్కలో తేమ 6 శాతం దగ్గర ఆగుతుంది. గాలిలో 65 శాతం అయితే చెక్కలో 12, గాలిలో 80 అయితే చెక్కలో 16 దాకా. హికరీ 6 నుంచి 8 శాతం మధ్య చురుగ్గా పనిచేస్తుంది. తేమ 12 దాటితే పొట్ట మెత్తబడి, విల్లు వంగే ఉండిపోతుంది. చాలా చెక్కలకు 8 నుంచి 10 మంచిది. అంతకన్నా ఎండితే పెళుసుబారతాయి.

నల్లగొండలో మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మధ్యాహ్నం గాలిలో తేమ అడుగంటుతుంది. జూన్ చివరికి వానలు పట్టాక అదే గదిలో బట్టలు ఆరవు. అంటే ఒకే విల్లు ఒకే ఏడాదిలో ఎండు పెళుసునూ, తడి మెత్తదనాన్నీ రెండింటినీ చూస్తుంది. హికరీ పలకను హైదరాబాద్‌లో దిగుమతి కలప అమ్మేవాళ్ల దగ్గర సంపాదించి చేసుకున్నా ఈ ఇబ్బంది తప్పదు, ఎందుకంటే వానాకాలపు తేమకు ఎక్కువగా లొంగేది హికరీయే. వేసవిలో దానికి తిరుగులేదు. టేకుది దీనికి రివర్స్. తేమకు పెద్దగా మారదు, మేలో మాత్రం జాగ్రత్తగా లాగాలి.

సా మిల్లు నుంచి తెచ్చిన పలక ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్ అవసరం లేదు. కిరాణా కాటా మీద వారానికోసారి తూచి గోడ మీద రాసుకుంటే చాలు. మూడు వారాలు వరసగా బరువు తగ్గకపోతే అది గదిలోని గాలితో సమానమైనట్టు. తొందరపడి మే ఎండలో డాబా మీద పెడితే పై పొర ముందే ఎండి, లోపల తడి ఉండి, కొసల నుంచి పగుళ్లు వస్తాయి. పలక రెండు కొసలకూ పెయింటో మైనమో పూసి, గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి. పని అయ్యాక వీపూ పొట్టా పిడీ కొప్పులూ అన్నీ కప్పేలా నాలుగైదు పూతలు వార్నిష్ వేస్తే తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి, ఆగవు.

అడవి, చట్టం, జాగ్రత్త

అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించి ఉంది. అక్కడ చెట్టు నరకడం, వేటాడటం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తుపాకీ అయినా విల్లంబులైనా వేట వేటే. అడవి బయట, సొంత పొలం గట్టున పెరిగిన వెదురు విషయంలో మాత్రం 2017లో అటవీ చట్టాన్ని సవరించి, దాన్ని చెట్టు లెక్క నుంచి తీసేశారు. వెదురు కావాలంటే అలాంటి చోట నుంచి, లేదా బొంగుల దుకాణం నుంచి తెచ్చుకోవడమే సరైన దారి.

బాణం లేకుండా నారి లాగి వదలకూడదు. బాణానికి పోవాల్సిన శక్తంతా తిరిగి రెక్కల్లోకే కొట్టి విల్లు ముక్కలవుతుంది. మరీ తేలిక బాణం వేసినా కొంతవరకు ఇదే జరుగుతుంది. 40 పౌన్ల విల్లుకు బాణం 26 గ్రాముల దగ్గర ఉండాలి, 30 పౌన్లకు 20 గ్రాముల దగ్గర. వంపు కుదిర్చేటప్పుడు మనిషి తలను విల్లు రెక్కలు కదిలే దారికి పక్కగా ఉంచాలి, ఎదురుగా కాదు. విరిగిన పై రెక్క నేరుగా నుదుటి మీదికే వస్తుంది. వాడకం అయ్యాక ప్రతిసారీ నారి దించి, వంటింటి వేడికీ వాన జల్లుకూ దూరంగా గోడకు అడ్డంగా రెండు మేకుల మీద పెట్టాలి. రాత్రంతా నారి బిగించి ఉంచిన విల్లు తెల్లారేసరికి కొంత లాగుడు బరువు కోల్పోతుంది, ఆగస్టులో అయితే ఇంకా ఎక్కువ.